మిరప కళ్లంలో ఒక బొమ్మ

మాది నందిగామ. పదవీ విరమణానంతరం, ఛందస్సు చెప్పిన ఈ చేతికి చిన్న కెమెరా అబ్బింది. జగ్గయ్యపేట వెళ్లినప్పుడల్లా ధనంబోడు ఎక్కడం అలవాటు. 1882లో బర్జెస్ తవ్వించిన బౌద్ధస్తూపం అక్కడిదే. చక్రవర్తి చేయెత్తగా మబ్బులలోనుండి నాణేలు రాలే ప్రసిద్ధ ఫలకం మాత్రం చెన్నై మ్యూజియంలో ఉన్నది. (ఊరి ధనం ఊళ్లో నిలవదు కదా!) లోతులేని చెక్కడానికి మిట్టమధ్యాహ్నపు ఎండ పనికిరాదు, పొద్దుటి ఏటవాలు వెలుగులోనే నీడ పడి గీత తేలుతుంది. ముఖాల మీది ముడుతలకూ అంతే.

ఒక ఫాల్గుణ మాసంలో, పొద్దుటిపూట, మిరప కళ్లంలో తాలుకాయలు ఏరుతున్న అవ్వను తీశాను. “నా బొమ్మెందుకు మాస్టారూ?” అంటూనే కొంగు సర్దుకొన్నది. ప్రింటు వేయించి ఇచ్చాను.

మరుసటి ఏడు ఆమె కొడుకు ఆ ప్రింటు పట్టుకొని వచ్చాడు. పెద్దకర్మకు పటం కట్టించాలట. ఆధార్ కార్డు మీది బొమ్మ తప్ప ఇంట్లో మరొకటి లేదట. పెద్దది చేయించగా, గడ్డం కింద, చెంపల మీద కళ్లపు ఎరుపు స్పష్టంగా కనబడింది. స్టూడియో కుర్రవాడు కంప్యూటరులో దానిని సరిచేస్తానన్నాడు.

“ఉండనివ్వండి, అమ్మ అట్లాగే ఉండేది,” అన్నాడు కొడుకు.