పది బల్లల పర్మిట్ రూము

మేము చుక్క ముట్టము. ఆ మాట ముందుగానే చెప్పుకొంటున్నాము. లేకపోతే ఇది చదివి మా ఇంటి కోడళ్ళు ఏమనుకొంటారో! భివండీలో మూడు తరాలుగా సాంచాల చప్పుడు నడుమ బ్రతుకుతున్న కుటుంబము మాది. మా పద్మనగర్‌లో వరుసకు బావ అయ్యే ఒకాయన చిన్న పర్మిట్ రూము నడుపుతున్నాడు. పది బల్లలు, ఒక వంటవాడు, ఇద్దరు కుర్రవాళ్ళు. అంతే ఆయన సామ్రాజ్యము.

ఆ పేరులోనే కొంత చరిత్ర ఉన్నది. 1949 నాటి బొంబాయి మద్యనిషేధ చట్టము కింద తాగేవాని చేతిలో పర్మిటు ఉండాలి. నేడు దానిని అడిగేవారు అరుదు. పేరు మాత్రము అట్లాగే నిలిచిపోయినది.

2025 జూన్ నెలలో ఒకనాటి రాత్రి బావ లెక్కల పుస్తకము చంకన పెట్టుకొని మా ఇంటికి వచ్చాడు.

“చూడు బావా, లైసెన్సు ఫీజు 15 శాతం పెంచిండ్రు. ఫీజు ఊరి జనాభాను బట్టి. నాకు పది బల్లలే, ఆ పెద్ద బారుకు నలభై ఉన్నయి. ఇద్దరం ఒక్కటే కట్టాలె. మా తావుల కూసొని తాగితే వ్యాట్ 5 నుంచి 10 శాతం అయింది. వైన్ షాపుల సీసా కొన్నోనికి ఆ బాధ లేదు. ఇగ గిరాకి నా దగ్గరికెందుకొస్తడు?”

వీటిమీద జూన్ 10న మంత్రివర్గము ఎక్సైజు కూడా పెంచినది. ఉత్పత్తి ఖర్చుకు 3 రెట్లుగా ఉన్న విదేశీ రకపు మద్యము సుంకము 4.5 రెట్లు అయినది. 180 మిల్లీలీటర్ల సీసా దేశీ దారు అయితే 80 రూపాయలకు, విదేశీ రకమైతే 205 రూపాయలకు తక్కువగా అమ్మరాదన్నారు. వీటన్నిటివల్ల ఖజానాకు 14,000 కోట్లు అదనముగా వస్తవని అంచనా.

లోపలినుండి మా పెద్దమ్మ అందుకొన్నది. “మూసుకొని పోనియ్యి! మీ పెదనాయిన సాంచె మీద సంపాయించిందంతా గ్లాసులనే పోసిండు. గిరాకి లేదని ఏడుస్తున్నవా నువ్వు?”

బావ తల వంచుకొన్నాడు. మాకూ బదులు తోచలేదు. ఆమె చెప్పినది నిజము. సారాయి ధర పెరిగితే తాగుడు కొంతైనా తగ్గునన్న వాదనలోనూ న్యాయమున్నది.

జూలై 14న రాష్ట్రములో బార్లు, పర్మిట్ రూములు బందు పాటించినవి. బావ కూడా షట్టరు దించాడు. “ఈ ఒక్కనాడన్న పేట సల్లగుంటది” అన్నది పెద్దమ్మ. కాని వైన్ షాపులు తెరిచే ఉన్నవి. ఆ రాత్రి వానలో మా సాంచాల కొట్టము చూరు కింద అయిదారుగురు సీసాలు పట్టుకొని నిలబడ్డారు. తినుటకు ఏమీ లేదు, చాలించుమనేవాడు లేడు. వారిలో ఒక కుర్రవాడు కాలు జారి మోరీ గట్టుమీద పడి నుదురు చీల్చుకొన్నాడు. పెద్దమ్మే పాత చీర చింపి కట్టు కట్టినది.

“బావ దుకాణముల ఉంటే వీనికి ఇంత పోసేటోడా?” అని మమ్మల్ని అడిగినది.

పోసేవాడు కాడు. పగారు నాటి రాత్రి రెండో క్వార్టరు అడిగిన వానిని బావ బయటికి పంపును. మిగిలిన పైసలు తీసుకొని, కుర్రవానితో వాని ఇంటికి చేర్చును. పేటలో చాలమంది ఆడవాళ్ళకు ఈ సంగతి తెలుసు. పన్ను వేసేవారి లెక్కలో దీనికి గడి లేదు.

చవక దారిలో ఇంకొక ప్రమాదము ఉన్నది. 2015 జూన్‌లో ముంబయి మాల్వణీలో కల్తీ సారా తాగి నూరుమందికి పైగా చనిపోయారు. వారంతా మనవంటి కూలి కుటుంబాలవారే. చట్టము కింద నడిచే చిన్న దుకాణము మూతపడితే తాగేవాడు మానడు. ఎవరి కంటా పడనిచోట తాగును.

మేము కోరేది సారాయి చవక చేయమని కాదు. పన్ను వేయవచ్చును. పది బల్లల వానికీ, నలభై బల్లల వానికీ ఒకే ఫీజు కాక అమ్మకమును బట్టి ఉండవలెనని, కూర్చొని తిని తాగేవానికంటె వీధిలో నిలబడి తాగేవానికి లాభము కలుగరాదని మాత్రమే మా మనవి.

బావ దుకాణము మూయలేదు. ఇద్దరు కుర్రవాళ్ళలో ఒకణ్ణి మాన్పించాడు. ఇప్పుడు పగారు నాడు ఆయనే స్వయముగా గల్లీలు తిరిగి పైసలు ఇళ్ళకు ఇచ్చి వస్తున్నాడు. ఆలస్యమైతే పెద్దమ్మ గడపలో నిలబడి చూచుచున్నది. ఎందుకని మేము అడుగలేదు.