స్కూల్ నర్సు కొలువు: చదువు ఖర్చు, రాబడి లెక్క

తెలుగు రాష్ట్రాల్లో స్కూల్ నర్సు కావడానికి మామూలు నర్సింగ్ చదువే దారి. కోర్సు పూర్తిచేసి, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకున్నవారు గురుకులాల్లో, కస్తూర్బా బాలికా విద్యాలయాల్లో, ప్రైవేటు రెసిడెన్షియల్ స్కూళ్లలో చేరుతుంటారు. ఇంటర్ అయ్యాక ఏ కోర్సులో చేరారన్నదాన్ని బట్టే ముందుముందు వచ్చే జీతం చాలావరకు తేలిపోతుంది.

ఏఎన్‌ఎం రెండేళ్లు, జీఎన్‌ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. బీఎస్సీకి ఇంటర్‌లో బైపీసీ ఉండాలి. జీఎన్‌ఎంకు ఇతర గ్రూపుల వాళ్లూ అర్హులే. ఏఎన్‌ఎం తక్కువ ఖర్చుతో అయిపోతుంది, కస్తూర్బా విద్యాలయాల్లో ఆ పోస్టులూ ఉన్నాయి. కానీ అవి కాంట్రాక్టు కొలువులు. గురుకులాల్లో స్టాఫ్ నర్సు పోస్టుకు జీఎన్‌ఎం గానీ బీఎస్సీ గానీ కావాలి. ఒక్క ఏడాది ఖర్చు మిగులుతుందని ఏఎన్‌ఎం దగ్గర ఆగిపోతే ఆ తలుపు మూసుకుపోతుంది. స్తోమతను ఏమాత్రం కూడగట్టుకోగలిగినా జీఎన్‌ఎంకు తగ్గకుండా చదవడమే మేలు.

ఫీజు విషయంలో సీటు ఏ కోటాలో వచ్చిందన్నది చూసుకోవాలి. అర్హత ఉంటే కన్వీనర్ కోటాలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది, మేనేజ్‌మెంట్ కోటాలో రాదు. అక్కడే అప్పు మొదలవుతుంది. ఏటా లక్ష చొప్పున మూడేళ్లకు మూడు లక్షల విద్యారుణం, పది శాతం వడ్డీ అనుకుందాం. కోర్సు కాలం, ఆపైన ఇంకో ఏడాది వాయిదాలు కట్టనక్కర్లేదు, కానీ వడ్డీ మాత్రం పడుతూనే ఉంటుంది. బారువడ్డీ చొప్పున మొదటి లక్షకు 40 వేలు, రెండోదానికి 30 వేలు, మూడోదానికి 20 వేలు. అంటే వాయిదాలు మొదలయ్యేనాటికి అప్పు 3 లక్షల 90 వేలు. ఏడేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 6,470 రూపాయలు. చదువుతున్నప్పుడే వడ్డీ కట్టుకుంటూ వస్తే వాయిదా 5 వేలలోపే ఉంటుంది. పైగా అలా కట్టేవారికి చాలా బ్యాంకులు వడ్డీలో ఒక శాతం దాకా తగ్గిస్తాయి. కొత్తగా చేరిన నర్సు జీతంలో ఈ పదిహేను వందల తేడా చిన్నది కాదు.

కోర్సు అయిన వెంటనే బడిలో చేరే బదులు ఒకటి రెండేళ్లు పిల్లల వార్డులో పనిచేయడం మంచిది. హాస్టల్ సిక్‌రూమ్‌లో పక్కన డాక్టర్ ఉండరు. రాత్రి పదింటికి జ్వరంతో వణుకుతున్న పిల్లకు పారాసిటమాల్ ఇచ్చి ఆగాలా, అంబులెన్స్‌కు ఫోన్ చేయాలా అన్నది నర్సే తేల్చాలి. వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్రలు, నులిపురుగుల మందు, గజ్జి, నెలసరి నొప్పులు, రిజిస్టర్లు అన్నీ ఆమె బాధ్యతే.

అనుభవం ప్రభుత్వ సంస్థలో అయితే డబ్బుపరంగానూ కలిసొస్తుంది. తెలంగాణలో 2022 డిసెంబరులో వెలువడిన స్టాఫ్ నర్సుల నోటిఫికేషన్‌లో గురుకుల పోస్టులూ ఉన్నాయి. అందులో రాత పరీక్షకు 80 మార్కులు పెట్టి, ప్రభుత్వ రంగంలో కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సర్వీసుకు 20 దాకా కేటాయించారు. జీతం స్కేలు 36,750 నుంచి 1,06,990. క్యాంపస్‌లోనే వసతి దొరికితే ఇంటి అద్దె కూడా మిగులుతుంది.

ఆసుపత్రి ఏదైనా సర్వీస్ బాండ్ రాయమన్నా, ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టమన్నా ఒప్పుకోకూడదు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ బాండ్ పద్ధతిని నిషేధించింది. సర్టిఫికెట్లు చేతిలో లేనివారు నోటిఫికేషన్ వచ్చినా ఏమీ చేయలేరు. కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌ను గడువులోగా రెన్యువల్ చేయించుకోవాలి. ఆంధ్రలో చదివి తెలంగాణలో దరఖాస్తు చేసేవారు అక్కడి కౌన్సిల్‌లో ముందే నమోదై ఉండాలి.

ప్రైవేటు స్కూల్లో జీతం యాజమాన్యం ఇష్టం. బేరం జీతంతో ఆపకుండా పీఎఫ్ ఉందా, వేసవి సెలవులకు జీతం ఇస్తారా, రాత్రి డ్యూటీకి బదులు సెలవు ఉందా అని అడిగి, ఒప్పుకున్నవన్నీ అపాయింట్‌మెంట్ ఆర్డరులో రాయించుకోవాలి.