ఆపరేషన్ ఇప్పుడే చేయించాలా?

ఆపరేషన్ అనే మాట వినబడగానే ఇంట్లో రెండు పక్షాలు ఏర్పడతాయి. ఆలస్యం చేస్తే కాలు పోతుందని ఒకరు, కత్తి పెడితే మంచం పడతాడని మరొకరు. మా అబ్బాయి విషయంలో మా ఇంట్లోనూ అదే జరిగింది.

వాడికి 26 ఏళ్లు. వ్యవసాయం చేస్తాడు, పండుగ పోటీల్లో కబడ్డీ ఆడేవాడు. గొంతుకూర్చున్నా, ట్రాక్టరు ఎక్కినా కుడి గజ్జలో నొప్పి కలుక్కుమనేది. డాక్టరుగారు ఎక్స్‌రే చూసి, తొడ ఎముక గుండు దగ్గర ఎముక కాస్త ఉబ్బెత్తుగా ఉందనీ, కాలు మడిచినప్పుడల్లా అది తుంటి గిన్నె అంచుకు తగులుతోందనీ చెప్పారు. చిన్న రంధ్రాలు చేసి, కెమెరాతో చూస్తూ ఆ ఉబ్బును చెక్కవచ్చట.

"అయితే చెక్కించేద్దాం" అంది నా భార్య. డాక్టరుగారు తొందరపడలేదు. అటువంటి ఎముక ఉండి కూడా ఏ నొప్పీ లేనివారు చాలామంది ఉన్నారన్నారు. బాధ, పరీక్షలో కనబడే గుర్తులు, ఎక్స్‌రేలో ఆకారం, ఈ మూడూ కలిస్తేనే దానిని జబ్బు అనాలని 2016లో పలు దేశాల నిపుణులు ఒప్పుకున్నారు. బ్రిటన్‌లో 348 మందిపై జరిగిన పరిశీలన ఫలితాలు 2018లో వచ్చాయి. ఏడాది తర్వాత ఆపరేషన్ చేయించుకున్నవారూ, వ్యాయామం చేసినవారూ ఇద్దరూ మెరుగయ్యారు. వందకు సుమారు ఏడు మార్కులు ఆపరేషన్ వైపు ఎక్కువ. అంటే మా ఇంట్లోని రెండు పక్షాల్లో ఏదీ పూర్తిగా గెలవలేదు.

మూడు నెలలు వ్యాయామం చేయించాం. నడుము, పిరుదుల కండరాలు గట్టిపడ్డాయి. నేలమీద కూర్చోవడం మాని ఎత్తు పీట వాడాడు. నిద్ర పట్టింది, పొలం పని సాగింది. కబడ్డీకి దిగితే మాత్రం నొప్పి మళ్లీ వచ్చేది. చివరకు వాడే అన్నాడు: "నాన్నా, ఆట కోసం కోయించుకోను. నడవడం కష్టమైతే కోయించుకుంటాను." కబడ్డీ మానేయడం వాడికి చిన్న సంగతి కాదు.

అలాగని ఏళ్ల తరబడి నొప్పిని ఓర్చుకోవడం కూడా వివేకం కాదు. కీలులోని మెత్తటి పొర బాగా అరిగిపోయాక ఈ చెక్కుడు వైద్యం వల్ల ప్రయోజనం తక్కువ. అందుకే వాడిని మళ్లీ చూపించే తేదీని కేలండరులో గుర్తు పెట్టుకున్నాం.

మీ ఇంట్లో ఇటువంటి సందేహం వస్తే డాక్టరుగారిని మూడు ప్రశ్నలు అడగండి: నొప్పికి కారణం నిజంగా ఈ ఎముకేనా? సరైన వ్యాయామం కొన్ని నెలలు చేసి చూశామా? కీలు ఎంతవరకు అరిగింది? ఆ జవాబులు విన్నాక, ఏ పని చేయలేకపోతున్నారో నొప్పి పడుతున్న మనిషినే అడగండి.