హాథీ బావి నుంచి మాసాబ్ ట్యాంక్ దాకా

పిల్లల కోసం చిన్న జాగా ఒకటి ఉండాలన్న కోరిక ప్రతి ఇంటిలోనూ ఉంటుంది. ఆ కోరికతోనే క్రిందటి చలికాలంలో ఒక ఆదివారం మేము మెహదీపట్నం నుంచి హయత్‌నగర్ బయలుదేరాము. నగర శివారున వేసిన ఒక వెంచర్‌లో స్థలానికి అప్పటికే బయానా ఇచ్చి ఉన్నాము. రిజిస్ట్రేషన్‌కు ముందు నేలను కళ్లారా చూడాలని నా శ్రీమతి పట్టుబట్టింది.

జుహర్ నమాజు వేళకు హయత్‌నగర్ పాత మసీదు చేరుకున్నాము. ముహమ్మద్ కులీ కుతుబ్ షా కుమార్తె, అబ్దుల్లా కుతుబ్ షా తల్లి అయిన హయాత్ బక్షీ బేగం పేరిట వెలసిన మసీదు అది. 17వ శతాబ్దిలో గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు సాగిన బాట ఇటుగానే వెళ్లేది. అందుకే మసీదు ప్రాంగణం చుట్టూ కమానుల వరుసలతో బాటసారులకు సరాయి కట్టారు. దాపునే హాథీ బావి ఉంది. ఏనుగుల చేత నీరు తోడించినందున దానికి ఆ పేరు వచ్చిందంటారు.

నమాజు ముగించి ఆ బావి గట్టున నిలబడినప్పుడు ఊర్లు పుట్టే క్రమం కళ్లకు కట్టింది. బాట ప్రక్కన నీరు దొరికితే బాటసారి ఆగుతాడు. ఆగినవానికి నీడ, నమాజుకు చోటు కావాలి. తరువాత అంగడి, ఆ తరువాత ఇళ్లు. బావి తవ్వించడాన్ని సదఖా జారియాగా ఎందుకు ఎంచుతామో అక్కడ మరింతగా బోధపడింది.

బాట లేని పల్లెలకు చెరువే ఆధారం. తెలంగాణ పల్లె నిర్మాణమంతా చెరువును బట్టి ఉంటుంది. మెరక మీద ఇళ్లు, పల్లంలో కట్ట, కట్టకు తూము, తూము క్రింద వరి మళ్లు. చెరువు నిండితే అలుగు పొర్లి నీరు దిగువ చెరువుకు చేరుతుంది. ఇలా ఒకదానికొకటి గొలుసుకట్టుగా ఉంటాయి. ఏ మడికి ఎంత నీరు వదలాలో నీరటి చూసుకునేవాడు. నీరందే నేల తరి, వానను నమ్ముకున్న నేల ఖుష్కీ, చెరువు గర్భం శిఖం. మన ఇళ్లలో వినబడే తరీ, ఖుష్కీ అన్న మాటలే పల్లె రైతు నోట రెవెన్యూ మాటలయ్యాయి.

మధ్యాహ్నం వెంచర్ చేరాము. సున్నం పూసిన హద్దురాళ్లు బారులు తీరి ఉన్నాయి. మాకు చూపిన స్థలం చుట్టుప్రక్కల కంటే పల్లంగా ఉంది. నేల నల్లగా నెర్రెలు విచ్చి, అక్కడక్కడ తుంగ మొలిచి ఉంది. మేకలు కాస్తున్న ఒక పెద్దాయన మమ్మల్ని చూసి దగ్గరికి వచ్చాడు.

“ఇది చెర్వు శిఖం బిడ్డా. గా రెండు రాళ్లు తూము. మా నాయిన గీ చెర్వుకు నీరటి” అన్నాడు.

వెంచర్ మనిషి వెంటనే పట్టా కాగితాలు తీశాడు. కాగితాలు నిజమైనవే. అయితే నీరు తగ్గిన కాలంలో సాగు చేసుకునేందుకు కొందరికి శిఖంలో పట్టాలు ఉండేవి. ఆ హక్కు సాగుకే గాని ఇల్లు కట్టడానికి కాదు. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే పూర్తి నీటిమట్టం నుంచి మరో 30 మీటర్ల దాకా కట్టడం కూడదని నిబంధన.

“మరి ఎందుకు అమ్మారు తాతా?” అని నా శ్రీమతి అడిగింది.

“బోర్లు వచ్చినంక చెర్వును ఎవ్వలు చూసిండ్రమ్మా? తూము పూడె. వడ్లు అమ్మితే అప్పు తీరదాయె. పోరగాండ్లు పట్నం పోయిండ్రు. గీ రింగురోడ్డు పడ్డంక గజాల లెక్కన కొనేటోళ్లు మీరే వస్తిరి.”

ఆ ‘మీరే’ అన్న మాట దగ్గర నేను తలవంచుకున్నాను. పొలాన్ని నగరం మింగుతోందని మనం వగస్తాము. ఆ నగరం మరెవరో కాదు, బయానా చేతబట్టుకుని వచ్చిన నాలాంటివాడే. 2020 అక్టోబరు వానలకు హైదరాబాదులో ఎన్ని కాలనీలు మునిగాయో చూశాము. ఎన్నోచోట్ల నీరు తన పాత దారినే వెతుక్కుంది. పట్టా ఎవరి పేరనున్నా వానకు తెలిసేది పల్లమొక్కటే.

స్థలం వద్దన్నాము. బయానా తిరిగి రాలేదు. అది రెండేళ్ల పొదుపు. మరో స్థలం చూసేటప్పుడు ముందుగా గ్రామ నక్షా తెప్పించి సర్వే నంబరు సరిచూడాలని, చెరువుల హద్దుల పటాలు పరిశీలించాలని, ఆ ఊరి పెద్దలను ఇద్దరిని అడగాలని నిశ్చయించుకున్నాము. ఈ మూడూ పెద్ద ఖర్చు లేని పనులే.

తిరుగు ప్రయాణంలో బస్సు మాసాబ్ ట్యాంక్ చేరేసరికి దీపాలు వెలిగాయి. ‘మా సాహెబా’ అని ప్రజలు పిలుచుకున్న ఆ హయాత్ బక్షీ బేగం పేరిటనే ఇక్కడి చెరువు ఉండేదంటారు. ఆ పేరే నానుడిలో మాసాబ్ అయింది. మేము చూసిన బావి నేటికీ నిలిచి ఉంది. ఇక్కడ పైవంతెన, కళాశాలలు, దుకాణాలు మాత్రమే ఉన్నాయి.

కండక్టరు “మాసాబ్ ట్యాంక్!” అని కేక వేశాడు. మా చిన్నమ్మాయి కిటికీలోంచి అటూ ఇటూ చూసి అడిగింది:

“అబ్బా, ట్యాంక్ ఏదీ?”