ఈప్ర్ కందకాలు, సిపాయిల మాటలు

బెల్జియంలో, ఫ్రాన్సు సరిహద్దుకు చేరువగా, ఈప్ర్ అనే చిన్న పట్టణం ఉంది. 1914లో యుద్ధానికి వచ్చిన ఇంగ్లీషు సోల్జర్లకు ఆ పేరు నోరు తిరగలేదు. ‘వైపర్స్’ అన్నారు. దాపులనున్న ప్లోగ్‌స్టీర్ట్ అనే పల్లె వాళ్ళ నోట పడి ‘ప్లగ్ స్ట్రీట్’ అయి కూర్చుంది.

ఊరికి ఉత్తరాన బూజింగె దగ్గర, కార్ఖానాల నడుమ, ఆనాటి కందకం ఒకటి బయటపడితే బాగుచేసి 2003లో జనానికి తెరిచారు. చూడగానే తోచే సందేహం ఒక్కటే: తవ్వేవాళ్ళు తిన్నగా తవ్వక ఇన్ని వంకరలెందుకు తిప్పారు? శత్రువు ఒక కొసన జొరబడినా అవతలి కొసదాకా కాల్చలేడు. గుండు పడ్డా ఆ మూలనున్న వాళ్ళే పోతారు. అదీ లెక్క! ఫ్లాండర్సు నేల నాలుగడుగులు తవ్వితే నీరు. అడుగున చెక్కపలకలు పరిచి వాటిమీదే నడిచేవారు. రోజుల తరబడి తడి బూట్లలో పాదాలు కుళ్ళకుండా తిమింగిలం నూనె రాసుకొమ్మని ఆజ్ఞ.

తెల్లవారకముందే అందరూ తుపాకులకు బాయొనెట్లు తగిలించి మెట్టెక్కి నిలబడాలి. దాన్ని ‘స్టాండ్ టు’ అనేవారు. వెలుతురు వచ్చాక దిగితే తలా కాస్త రమ్ము పోసేవారు. ఆ జాడీలమీద ఎస్. ఆర్. డి. అని మూడక్షరాలుండేవి. ‘చేరవలసిన చోటికి చేరనే చేరదు’ అని సోల్జర్లు దానికి భాష్యం చెప్పారు. పగలు కునుకు, రాత్రి చాకిరీ: ముళ్ళకంచె బాగుచేయడం, తిండీ నీళ్ళూ మోసుకురావడం.

పేలకు వాళ్ళ మాట ‘చాట్స్’. తీరికవేళ చొక్కాలు విప్పి, కొవ్వొత్తి మంటను కుట్లవెంట పోనిస్తూ, నలుగురూ కూర్చుని పేలు చంపడం ‘చాటింగ్’. అరుగుమీద తలలు చూసుకుంటూ ఊసులాడే మన అమ్మలక్కలకు ఈ మాట విడమర్చి చెప్పనక్కరలేదు.

చిత్రమేమంటే, ఆ కందకాల్లో మన దేశపు మాటలు కూడా తిరుగాడాయి. ఇండియాలో కొలువుచేసిన తెల్ల పటాలాలు మోసుకుపోయిన సరుకు అది. ‘దేఖో’ అక్కడ ‘డెక్కో’ అయింది. ‘ఖుష్’ నుంచి వచ్చిందంటారు ‘కుషీ’. అంటే సుఖమైన పని. అన్నిటికీ మిన్న ‘బ్లైటీ’. ‘విలాయతీ’ అన్నమాటే ఇలా మారింది. మనం సీమసున్నం, సీమచింత అంటామే, ఆ సీమ ఇది. మనకు పరదేశమైన సీమ వాళ్ళకు ఇల్లు కదా! ప్రాణం పోకుండా, ఇంటికి పంపేటంత దెబ్బ తగిలితే దాన్ని ‘బ్లైటీ’ అనేవారు. అలాటి గాయం తగిలినవాణ్ణి చూసి మిగతావాళ్ళు అసూయపడేవారట. గాయంకోసం దేవుణ్ణి వేడుకోవలసిన బ్రతుకు ఎటువంటిదో ఊహించండి.

మరి ఆ మాటను కన్న దేశపు సిపాయిల మాటేమిటి? 1914 సెప్టెంబరులో మార్సే రేవులో దిగిన మన పటాలాలు అక్టోబరు కల్లా ఈప్ర్ పరిసరాల్లో పోరాడుతున్నాయి. అక్టోబరు 31న హోల్‌బేక్ దగ్గర చూపిన సాహసానికి ఖుదాదాద్ ఖానుకు విక్టోరియా క్రాసు వచ్చింది. గాయపడ్డ మన సిపాయీలలో చాలామందిని నిజంగా విలాయతుకే పంపారు. బ్రైటన్‌లోని రాజభవనం ఆస్పత్రి అయింది. హిందువులకు, ముస్లిములకు వేరువేరు వంటశాలలు, వేరువేరు కుళాయిలు పెట్టారు. ఆదరణకు లోటు లేదు. కాని అది వాళ్ళ ఇల్లు కాదు. మానినవాణ్ణి తిరిగి కందకానికే పంపేవారు. ఇది వాళ్ళను బాగా కుంగదీసింది. చేతికి దెబ్బ తగిలితే, కావాలని తగిలించుకున్నాడేమోనని అధికారులకు అనుమానం కూడాను.

ఉత్తరాలను సెన్సారు చదువుతాడు. అందుకని కొందరు వంటింటి మాటల్లో రాసుకున్నారు. నల్లమిరియాలంటే మనవాళ్ళు, ఎర్రమిరప అంటే తెల్లవాళ్ళు. ఏ దినుసు ఎంత మిగిలిందో రాస్తే ఇంటి దగ్గర అర్థం చేసుకునేవారు. సెన్సారు ఆఫీసుకూ అర్థమైంది. అందుకే ఈ సంగతి నేటికీ దాఖలాల్లో నిలిచి ఉంది.

ఈప్ర్‌లో మెనిన్ గేటు అనే పెద్ద కమాను ఉంది. సమాధి దొరకని 54,000 మందికి పైగా సైనికుల పేర్లు దానిమీద చెక్కారు. వాటిలో మన సిపాయీల పేర్లూ ఉన్నాయి. 1928 నుంచి, జర్మనులు ఆ ఊరిని ఆక్రమించిన కాలం మినహా, రోజూ రాత్రి 8 గంటలకు రాకపోకలు ఆపి అక్కడ బ్యూగిల్ ఊదుతున్నారు.