మొదటి కబళము

సుషీ యనగా పచ్చిచేప యనియే మేమును తలచియుంటిమి. సోదరీమణులలో పెక్కుమంది ఇప్పటికిని అట్లే తలచుచుందురు. గత ఏప్రిల్ నెలలో టోక్యో నగరమునకు పోవుచు విమానములో కూర్చున్నంతసేపును మా మనస్సును పీడించిన చింత అదియే.

అచట ఉద్యోగము చేయుచున్న మా రెండవ కుమారుడు ఒక జపాను కన్యను వివాహమాడ నిశ్చయించుకొనెను. రెండేండ్లు మేము సమ్మతింపలేదు. తుదకు మావారు, "చూడకుండ కాదనుట న్యాయము కాదు. పోయి చూచి వత్తము" అనిరి. మేము చేరిన మూడవనాడే అమ్మాయి తల్లి సుషీ విందునకు పిలిచినది. విస్తరిలో వడ్డించినదానిని త్రోసివేయుట మన ఇండ్లలో ఎంత అవమానమో మనమెరుగనిది కాదు. ఆమె యెదుట మేమాపని చేసినచో మా కుమారుడు మరల ఆ యింట తలయెత్తుకొనగలడా?

గోదావరి యొడ్డున పెరిగినవారమగుటచే చేప మాకు క్రొత్త కాదు. కాని చింతపండు పులుసులో మరిగి, మరునాటికి మరింత రుచికెక్కినదే మాకు చేప. ఉడుకనిదానిని నోటబెట్టుకొనుట ఊహకే అందలేదు.

ముందునాటి రాత్రి మా అబ్బాయి మమ్ము కూర్చుండబెట్టి పాఠము చెప్పెను. సుషీ యన్న పేరు చేపకు కాదట, పులుపు కలిపిన అన్నమునకట. బియ్యపు సిర్కా, చక్కెర, ఉప్పు కలిపెదరు. "అట్లయిన మన పులిహోరకు దూరపు చుట్టమే" యని కొంత ధైర్యము కలిగినది. పూర్వము ఉప్పు పట్టించిన చేపను వండిన అన్నములో అదిమి నెలలకొలది ఊరబెట్టి, అన్నము పారవేసి చేపను మాత్రము తినెడివారట. బీవా సరస్సు చెంత ఆ విధము నేటికిని కలదు. చేతితో ముద్దచేసి పైన చేపముక్క నుంచు విధము మాత్రము టోక్యో నగరమునకు ఎదో యన్న పేరున్న కాలమున, 1820 ప్రాంతమున బయలుదేరినది. దానిని ప్రచారమునకు తెచ్చినవాడు హనయా యోహే యని చెప్పుదురు. నాడు వీథి బండ్లయొద్ద త్వరపడువారు తిని పోయెడి తిండి నేడు దొరల విందైనది. మన మిరపకాయ బజ్జీకి ఇంకను ఆ యోగము పట్టలేదు.

పచ్చిచేపలో పురుగులుండవా యని మేము నిలదీసితిమి. కొన్నిటిలో ఉండుననియు, సున్నకు 20 డిగ్రీలు దిగువ శీతలములో ఒక దినము గడ్డకట్టించిన చచ్చుననియు, సిర్కా గాని ఘాటు గాని వానిని చంపజాలదనియు చెప్పెను. గర్భవతులు వైద్యుని అడుగక పచ్చిచేపను ముట్టరాదు. శాకాహారులకు దోసకాయ నుంచి చుట్టిన కప్పామాకి కలదు. కోడిగ్రుడ్డు అట్టులో ఎండుచేప రసము కలియుచుండును గనుక, చేప కనబడదు గదా యని దానిని నమ్మరాదు.

మరునాడు పోయిన చోటు చిన్నది. కొయ్యబల్ల కావల వంటవాడు నిలిచి, అడిగినదానిని అప్పటికప్పుడు చేసి ముందుంచును. ఏమియు తెలియనివారు ఒమకసే యని అంతయు అతనికే విడిచిపెట్టవచ్చును. కాని అమ్మాయి తల్లి "మీ యిష్టము" అన్నది. మేము ముందుగనే తీర్మానించుకొన్నట్లు తియ్యని గ్రుడ్డట్టు, ఉడికించిన రొయ్య, సోయా రసములో మగ్గిన సముద్రపు పాముచేప అడిగితిమి. మొదట తేలికయైన తెల్లచేపలును, తుద నట్టును తినుట అచటి వాడుక. మాది తలక్రిందులైనను ఎవరును నవ్వలేదు. చేతితో తినవచ్చునని వినగనే ప్రాణము లేచివచ్చినది. అన్నమునకు కాక చేపవైపున మాత్రమే సోయా రసము అంటించుకొనవలెను. చేపకును అన్నమునకును నడుమ వాసబీ యను పచ్చని ముద్ద పెట్టుదురు. అది ఆవఘాటువలె నాలుకను విడిచి ముక్కున కెక్కును. మాకు అది తగులలేదు. అమ్మాయి మెల్లగా వంటవానితో చెప్పి మా వానిలో మాన్పించినదని పిదప తెలిసినది.

మూడవ ముద్ద తినుచుండగా ఒకటి గమనించితిమి. అమ్మాయి తల్లియు గ్రుడ్డట్టు, రొయ్య, పాముచేపయే తినుచుండెను. మేము ఉడికినదానినే కోరుచుంటిమని గ్రహించి, మాకు సిగ్గు కలుగకుండ తానును పచ్చిదానిని ముట్టలేదు. రెండేండ్లుగా ఆ యింటివారిని గూర్చి మా వంటింట మేమాడిన మాటలన్నియు అప్పుడు జ్ఞప్తికి వచ్చినవి.

రాత్రి పాఠములో మా అబ్బాయి మరొక సంగతి చెప్పియుండెను. తాయి యను చేపను వారు శుభకార్యములందు వడ్డింతురు. మంగళకరమను అర్థముగల మెదెతాయి యన్న మాటలో దాని పేరు వినబడును గనుక దానికా గౌరవము. మేము వంటవానివైపు తిరిగి, "తాయి" అంటిమి.

అమ్మాయి తల వంచుకొన్నది. తల్లి ఒక క్షణము మావంక చూచి, తనకును అదియే తెమ్మన్నది. మా అబ్బాయి, "అమ్మా, అది పచ్చిదే సుమా" అని చెవిలో చెప్పెను. "తెలియును నాయనా" అంటిమి.

కన్నులు మూసికొనియే నోటబెట్టుకొంటిమి. నీచువాసన లేదు. తెల్లగా, కొంచెము బిగువుగా, నమలగా నమలగా తియ్యగా నుండెను. "బాగున్నదా, అత్తయ్యా?" యని అమ్మాయి నేర్చుకొన్న తెలుగులో అడిగినది. ఆమె మమ్ము ఆ పిలుపుతో పిలుచుట అదియే మొదలు. "బాగున్నది తల్లీ, నీవును తినుము" అంటిమి.

మావారికి మాత్రము అది యేమియు రుచింపలేదు. రెండు గిన్నెల తేనీరు త్రాగి, ఇంకొక గ్రుడ్డట్టు తెప్పించుకొనిరి.