పిల్లలకోడి – సురయ్యా

చిన్ననాటి నుండి ఎరిగినదానిని గుర్తించడం సులభమని మనం భావిస్తాము. ఆ భావన ఎంత పొరపాటో కార్తీక బహుళ ద్వాదశి రాత్రి ఉప్పాడ సముద్రతీరాన మాకు తెలిసివచ్చింది.

కాకినాడకు చేరువలోనున్న ఆ గ్రామానికి జాందానీ నేతను చూడాలని మేము ఐదుగురం వెళ్ళాము. జాందానీ అనేది పార్సీ మాట. ఉప్పాడలో దానికి ఖ్యాతి తెచ్చినవి తెలుగువారి మగ్గాలు. చీకటి పడిన పిదప ఒడ్డున కూర్చున్నాము. చంద్రోదయానికి ఇంకా చాలా వ్యవధి ఉన్నది. తూర్పు దిక్కున, సముద్రం మీదుగా, చిన్న గరిటె ఆకారంలో ఒక నక్షత్రాల గుంపు పైకి వస్తున్నది. "సప్తర్షి మండలం!" అన్నాము ముక్తకంఠంతో.

పక్కనే వల సర్దుకుంటున్న వృద్ధుడు నవ్వాడు. "ఋషులు ఈ వేళప్పుడు రారు బాబూ. అర్ధరాత్రి దాటాక అటు ఈశాన్యాన కనిపిస్తారు. ఇది పిల్లలకోడి. ఈ నెలలో ఇది నడినెత్తికొచ్చిందంటే అర్ధరాత్రయినట్టే. వేటకెళ్ళినప్పుడు మా అయ్యకి ఇదే గడియారం."

మేము సిగ్గుపడ్డాము. పంచాంగంలో వేయిసార్లు చదివిన కృత్తికలివే! ఈ మాసానికి ఆ పేరు వచ్చినది కూడా పౌర్ణమినాడు చంద్రుడు వీటి చెంత నిలవడం వల్లనే. తొమ్మిది గంటలకు ఓరియన్ నడికట్టులోని మూడు చుక్కలు పైకి వచ్చాయి. ఆ వరుసను పైకి పొడిగించి చూచాము. ఎర్రని రోహిణి, దానిని దాటగానే కృత్తికలు. ఇక సందేహం లేదు.

మాలో ఉర్దూ చదివిన మిత్రుడు అందుకున్నాడు: "వీటిని అరబ్బీలో సురయ్యా అంటారు, పార్సీలో పర్వీన్. రోహిణికి అరబ్బీ పేరు అల్‌దబరాన్, అంటే వెంబడించేది. వెంబడించేది ఈ సురయ్యానే."

ఆ మాటకు మాలో ఒకామె చాలాసేపు మౌనంగా ఉండిపోయింది. చివరకు మెల్లగా అన్నది: "మా నానీ పేరు సురయ్యా. సినిమా తార పేరు పెట్టారనే ఇంట్లో అందరం అనుకునేవాళ్ళం. నేనూ ఎన్నడూ అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే నానీ లేదు."

ఆమెను ఓదార్చే మాట మాకు తోచలేదు. అందరం కలిసి చుక్కలు లెక్కించాము. ఆరు కనిపించాయి. 1610లో గెలీలియో దూరదర్శినితో చూచి ముప్పైఆరు చిత్రించాడు. నేటి శాస్త్రజ్ఞుల లెక్కలో వేయికి పైగా ఉన్నాయి. ఇన్ని తారలు ఒకచోట చేరడం యాదృచ్ఛికం కాజాలదని 1767లోనే జాన్ మిచెల్ గణితంతో వాదించాడు. అవన్నీ సుమారు పది కోట్ల సంవత్సరాల క్రితం ఒకే వాయుమేఘం నుండి పుట్టిన తోబుట్టువులు. పిల్లలకోడి అన్న పల్లె పేరులో ఆ కుటుంబ బంధం ముందే ఉన్నది. వాటి దూరం దాదాపు 440 కాంతి సంవత్సరాలు. అనగా ఆ రాత్రి మేము చూచిన వెలుగు మహమ్మద్ కులీ కుతుబ్‌షా కాలంలో, 1591 నాటి చార్మినారు నిర్మాణానికి కొంచెం అటో ఇటో బయలుదేరినది.

లేవబోతుండగా వృద్ధుడు అలల వైపు చేయి చాచాడు. "మా ఇల్లు అక్కడుండేది. ఆ వాకిట్లోనే మా అయ్య నాకు పిల్లలకోడిని చూపించాడు." అక్కడ నీరు తప్ప మరేమీ లేదు. ఉప్పాడ తీరాన్ని సముద్రం ఏళ్ళ తరబడి కోసివేస్తున్నది. వాకిలి పోయినా అందులో నేర్చిన పేరు ఆయనకు మిగిలింది. ఆయన చెప్పినందున మాకూ దక్కింది. మా మిత్రురాలి ఇల్లు చెక్కుచెదరలేదు. పేరు వెనుక కథ మాత్రం నానీతోనే వెళ్ళిపోయింది.

మన ఈ సంచిక కుడి నుండి ఉర్దూలోను, ఎడమ నుండి తెలుగులోను తెరుచుకుంటుంది. సెలవులకు ఇళ్ళకు వెళ్ళే సోదర సోదరీమణులకు మా విన్నపం ఒక్కటే. ఒక రాత్రి పెద్దలను ఆరుబయటకు పిలిచి, ఆ చుక్కలను చూపి, మీరు వీటిని ఏమని పిలుస్తారని అడగండి. వారి పేర్లకు అర్థమేమిటో కూడా అడగండి. చుక్కలు ఏటా కార్తీకంలో తిరిగి వస్తాయి, చెప్పేవారు రారు.